పురుగును చంపిన బూజుకు పేరేమిటి?

వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టి తెరిపి ఇచ్చాక వరంగల్ చుట్టుపక్కల మక్క చేన్లోకి వెళ్తే, ఆకు మీద కర్రలా బిగుసుకుపోయిన కత్తెర పురుగు ఒక్కోసారి కనిపిస్తుంది. మొదట ఒంటినిండా తెల్లటి నూగు. తర్వాత అదే లేత పచ్చ పొడిగా మారి, ముట్టుకుంటే వేలికి అంటుతుంది. ‘బూజు పట్టింది’ అని వదిలేస్తాం. కానీ అది చచ్చాక పట్టిన బూజు కాదు, చంపిన బూజు.

ఈ సంగతి మొదట బయటపడింది పట్టుపురుగుల దగ్గర. సున్నం పూసినట్టు తెల్లబడి చచ్చే పురుగులను ఇటలీలో అగొస్టినో బాస్సీ ఏళ్ల తరబడి పరీక్షించి, కారణం ఓ శిలీంధ్రమని, అంటే బూజు జాతి జీవి అని, 1835లో ప్రకటించాడు. పురుగుల మందుగా మనం దుకాణంలో కొనే బవేరియా బాసియానా అనే శిలీంధ్రం పేరులో ఉన్నది ఆయన పేరే. 1879లో రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్ గోధుమ పైరును తినే పెంకు పురుగుల మీద పచ్చ బూజును గుర్తించి, దీన్నే పెంచి పురుగుల మీదికి వదిలితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఆ పచ్చ బూజే మెటారైజియం, దాని కథ అక్కడ మొదలైంది.

మన దగ్గర మాత్రం మందు డబ్బాలదే రాజ్యం. 1997-98లో పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడితే మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పు పెరిగింది, వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిశాయి. 2002లో బీటీ పత్తి వచ్చింది. అయితే బీటీ విషం పురుగు తింటేనే పనిచేస్తుంది, అదీ కాయతొలిచే పురుగుల మీద. రసం పీల్చేవాటికి దానితో పని లేదు. 2021-22లో మిరప పూలల్లో చేరి రసం పీల్చిన కొత్త రకం తామర పురుగు ఆ సంగతి గట్టిగానే గుర్తు చేసింది. శిలీంధ్రానికి ఆ ఇబ్బంది లేదు. విత్తనం లాంటి దాని సిద్ధబీజం ఒంటికి తగిలితే చాలు, మొలకెత్తి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. కాకపోతే చంపడానికి రోజులు పడుతుంది, గాలిలో తేమ కావాలి. పొద్దున కొడితే సాయంత్రానికి రాలాలనుకునే మనకు అక్కడే టెన్షన్.

అసలు చిక్కు పేర్లది. మైక్రోస్కోప్‌లో ఒకేలా కనిపించేవి డీఎన్ఏలో వేరని తేలుతున్నాయి. మెటారైజియం అనిసోప్లియే అని ఒకే పేరుతో పిలిచిన గుంపులో 2009లో తొమ్మిది జాతులు లెక్కతేలాయి. మక్క చేన్లోని ఆ పచ్చ బూజును నొమూరియా రైలీ అనేవారు, 2014లో దాన్నీ మెటారైజియంలో కలిపేశారు. పురుగులను చంపే మరో శిలీంధ్రం వర్టిసిల్లియం లెకానీ పేరు 2001లోనే మారింది, ప్యాకెట్ మీద మాత్రం పాతదే నడుస్తోంది. ఇదంతా పండితుల గొడవ అని నేను అనుకోను. ఏ జాతో తెలియకపోతే ఏ పురుగును చంపుతుందో, మన ఎండకు తట్టుకుంటుందో ఎలా చెప్తాం?

కొత్త జాతి అని తేల్చడం చిన్న పని కాదు. చచ్చిన పురుగు మీద మామూలు బూజులూ పెరుగుతాయి. అందుకే విడిగా పెంచి, ఆరోగ్యంగా ఉన్న పురుగుకు అంటించి, అది చచ్చాక మళ్లీ అదే బూజు వస్తుందో లేదో చూస్తారు. ఆ తర్వాతే దాని జన్యువులను తెలిసిన జాతులతో పోల్చి చూస్తారు, అదీ ఒకటి కాదు, నాలుగైదు. అలా బూజు పట్టి చచ్చిన పురుగు మీ చేన్లో దొరికి పరిశోధన కేంద్రానికి ఇవ్వాలనుకుంటే ప్లాస్టిక్ కవర్లో వేయకండి. చెమ్మకు వేరే బూజులు కమ్మేస్తాయి. కాగితంలో పొట్లం కట్టి, పైన ఊరు, పంట, తేదీ రాయండి.