బడి కన్నా మంద ముందు: లెసోతో మగపిల్లల చదువు వెనక కథ

బడి మానేసేది ఎవరని అడిగితే మన దగ్గర ఎవరైనా ఆడపిల్ల అనే చెబుతారు. లెసోతోలో అడిగితే మగపిల్లాడు అంటారు. నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే ఉన్న ఆ చిన్న కొండల దేశం జనాభా 20 లక్షల పైచిలుకు. 2014 నాటి లెక్కల ప్రకారం అక్కడ 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి సుమారు 85 మందికి చదవడం, రాయడం వచ్చు. మగవాళ్లలో 68 మందికే వచ్చు. ఈ తేడా నిన్నమొన్నటిది కాదు, బ్రిటిష్ పాలన రోజుల నుంచీ ఉంది.

బడి ఆ దేశానికి ఆలస్యంగా ఏమీ రాలేదు. అక్కడి బసోతో ప్రజలను ఒక్క రాజ్యంగా కూడగట్టిన మొదటి మొష్వేష్వే రాజు 1833లో ఫ్రెంచి ప్రొటెస్టెంటు మిషనరీలను తానే పిలిపించుకున్నాడు. చుట్టూ తుపాకులున్న శత్రువులు ఉన్నప్పుడు బయటి ప్రపంచంతో మాట్లాడి పెట్టగల మనుషులు పక్కన ఉండాలన్నది ఆయన లెక్క. కజాలిస్, అర్బూసే, గోసెలిన్ అనే ముగ్గురు వచ్చి మొరీజా అనే చోట మిషన్ కేంద్రం కట్టారు, బడి పెట్టారు. 1863 కల్లా బసోతోల భాషలో వార్తాపత్రిక కూడా వెలువడింది. ఆ తర్వాత కాథలిక్కులు, ఆంగ్లికన్లు వచ్చారు. ఈ రోజుకీ అక్కడి బడుల్లో ఎక్కువ భాగం చర్చిలవే. జీతాలు మాత్రం సర్కారు ఇస్తుంది.

బడి ఉన్నా మగపిల్లాడు ఎందుకు రాలేదంటే మంద వల్ల. బసోతోల ఇంట పశువంటే పాడి ఒక్కటే కాదు. పెళ్లికి అబ్బాయి తరఫు వాళ్లు అమ్మాయి పుట్టింటికి ఇచ్చే బొహాలి పశువుల్లోనే లెక్క. పశువు దగ్గరికి ఆడవాళ్లు వెళ్లకూడదన్న కట్టుబాటు కూడా ఉండేది. దాంతో మేపే పని మగపిల్లలదే అయింది. అయిదారేళ్లకే దూడలు, గొర్రెపిల్లలతో మొదలుపెట్టి, పదేళ్లు వచ్చేసరికి పెద్ద మందతో వెళ్తాడు.

ఆడపిల్లకు మాత్రం పని తక్కువా? నీళ్లు మోయాలి, పుల్లలు ఏరాలి, వండాలి, చంటిపిల్లల్ని చూసుకోవాలి. కానీ ఆ పనులు బడికి ముందు కొన్ని, బడి విడిచాక కొన్ని చేసుకోవచ్చు. మందకు ఆ వీలు లేదు. పొద్దున విప్పితే పొద్దుగూకేదాకా దాని వెంటే ఉండాలి. ఆడపిల్లల చదువు మీద తల్లిదండ్రులకు ప్రత్యేకంగా మమకారం ఉండి పంపారని నేననుకోను. ఆమె పని బడి గంటలకు అడ్డు రాలేదు, అంతే. కొన్ని ఇళ్లలో అన్నదమ్ములు వంతులు వేసుకుని, ఒకడు మంద వెంట ఉంటే ఇంకొకడు బడికి వెళ్లేవాడు.

1850ల నుంచి 1868 దాకా పక్కనున్న ఆరెంజ్ ఫ్రీ స్టేట్ రాజ్యపు బోయర్లతో (డచ్చి సంతతి వలసదారులతో) జరిగిన యుద్ధాల్లో కాలెడాన్ నది అవతలి సారవంతమైన భూమి పోయింది. 1868లో బ్రిటిష్ వాళ్ల రక్షణ కిందకు చేరి మిగిలిన నేలను కాపాడుకున్నారు. పల్లంలో చోటు ఇరుకైపోవడంతో పశువులు మలోటి కొండలెక్కాయి. ఎండాకాలం మేత కోసం ఎత్తు మీద రాళ్లతో గుండ్రంగా కట్టి పైన గడ్డి కప్పిన చిన్న కొట్టాన్ని మొటెబో అంటారు. ఊరికి ఒక రోజు నడక, అంతకన్నా దూరం కూడా. ఒంటి మీద ఉన్ని దుప్పటి, కాళ్లకు రబ్బరు బూట్లు, చేతిలో కర్ర, వెంట రెండు కుక్కలు, తినడానికి మొక్కజొన్న సంకటి. నెలల తరబడి పిల్లాడి బతుకు ఇదే. పొద్దుపోవడానికి నేల మీద గీతలు గీసి, రాళ్లు పావులుగా మొరాబరాబా ఆడతారు. మన దాడి ఆట తెలిసినవాళ్లకు నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఎత్తుకు పైఎత్తు, నాలుగు ఎత్తుల ముందుచూపు అన్నీ అందులో ఉంటాయి. బడిలో మొద్దు అనిపించుకున్నవాడు అక్కడ మొనగాడే.

మంద తర్వాత గని వచ్చింది. 1870 ప్రాంతంలో గుడిసె పన్ను మొదలైంది, దాన్ని రొక్కంగానే కట్టాలి. అదే రోజుల్లో దక్షిణాఫ్రికా వైపు కింబర్లీలో వజ్రాలు, 1886లో విట్‌వాటర్‌స్రాండ్‌లో బంగారం బయటపడ్డాయి. మొదట్లో బసోతో రైతులు ఆ గనుల ఊళ్లకు ధాన్యం అమ్మి బాగానే బతికారు. పోనుపోను ధాన్యానికి బదులు మగవాళ్లే వెళ్లడం మొదలైంది. 1896-97లో పశువుల్ని ఊడ్చేసిన రిండర్‌పెస్ట్ రోగం, 1930ల కరువు ఆ దారిని ఖాయం చేశాయి. 1980ల చివరికి లక్షా పాతిక వేల మంది దాకా బసోతో మగవాళ్లు దక్షిణాఫ్రికా గనుల్లో ఉన్నారు.

చదువుకు ఇది రెండు వైపుల నుంచీ దెబ్బ. తండ్రి గనికి పోతే మంద బాధ్యత కొడుకు మీద పడుతుంది. ఆ కొడుకు పెద్దయ్యాక తానూ గనికే పోతాడు. అక్కడ సర్టిఫికెట్ అడిగేవాళ్లు లేరు, గుండె, ఊపిరితిత్తులు, కండ చూసి తీసుకునేవాళ్లు. పదేళ్లు చదివినవాడికన్నా, ఏమీ చదవకుండా గనిలో సీనియర్ అయినవాడే ఎక్కువ తెచ్చేవాడు. ఏ తండ్రి అయినా ఆ లెక్కే చూస్తాడు, తప్పుపట్టలేం. లెబొల్లో అనే దీక్ష కూడా ఈ లెక్కకు తోడైంది. కొండల్లో నెలల పాటు సాగే ఆ దీక్ష ముగించుకుని దిగినవాడు ఊళ్లో మగాడిగా చెల్లుబాటవుతాడు. మళ్లీ బల్ల మీద చిన్నపిల్లల మధ్య కూర్చోవాలంటే నామోషీ.

1990ల్లో గనులు కార్మికుల్ని తీసేయడం మొదలుపెట్టాయి. బంగారం ధర పడిపోయింది, ఉద్యోగాలు ఏటేటా తగ్గిపోయాయి. 2000 నాటికి గనుల్లోని బసోతోల సంఖ్య దాదాపు సగానికి వచ్చింది. గని పోయినా మంద పోలేదు, అలవాటూ పోలేదు. పైగా కొత్తగా వచ్చిన ఉద్యోగాలు రాజధాని మసేరు చుట్టుపక్కల బట్టల ఫ్యాక్టరీల్లో. అమెరికా సుంకం రాయితీతో 2000 తర్వాత పెరిగిన ఆ ఫ్యాక్టరీలు ఎక్కువగా ఆడవాళ్లనే తీసుకున్నాయి.

అదే 2000లో ప్రభుత్వం ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. ఒక్కసారిగా కాదు, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి కలుపుతూ 2006కి ఏడో తరగతి దాకా. 2010 చట్టం దాన్ని నిర్బంధం కూడా చేసింది. కింది తరగతుల్లో మగపిల్లలు బాగానే చేరారు. కానీ ఎనిమిదిలో ఫీజు మొదలవుతుంది. సరిగ్గా అప్పటికే పిల్లాడు జీతానికి పనికొచ్చే వయసుకు వస్తాడు. ఏడాదంతా ఎవరి మందనైనా కాస్తే ఒక ఆవు గానీ పన్నెండు గొర్రెలు గానీ ఇవ్వడం అక్కడి మామూలు. ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోయిన ఇళ్లలో ఆ ఆవే ఇంటి ఆసరా.

మందల అవసరమూ తగ్గలేదు. అంగోరా మేకల బొచ్చు నుంచి వచ్చే మొహెయిర్ ఉన్ని ఉత్పత్తిలో దక్షిణాఫ్రికా తర్వాత ప్రపంచంలో రెండో స్థానం లెసోతోదే. ఆ మేకలను కొండ మీద ఎవరో ఒకరు కాయాలి. దూరవిద్యా కేంద్రం 1970ల నుంచీ, ఆ తర్వాత స్వచ్ఛంద సంస్థలూ కాపరుల కోసం సాయంత్రం బడులు నడుపుతున్నాయి. మంద దొడ్డికి చేరాక లాంతరు వెలుగులో అక్షరాలు, కూడికలు నేర్పుతారు. మామూలు బడికి ఆ వెసులుబాటు లేదు. అది జనవరిలో తెరుస్తారు. దక్షిణార్ధగోళంలో జనవరి అంటే నడి ఎండాకాలం, మందలన్నీ మొటెబోల దగ్గరే ఉంటాయి. అవి దిగి వచ్చేసరికి మొదటి టర్మ్ అయిపోయి ఉంటుంది.