ఆ డిస్కే బ్యాకప్ అంటారేంటండీ! పాటల నిల్వపై అపోహలు, వాస్తవాలు

పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు వెలికితీసే డేటా రికవరీ షాపులో కూర్చున్నవాడికి తరచూ వినబడే మాట ఒకటుంది. "ల్యాప్‌టాప్‌లో చోటు లేదని పాటలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, ల్యాప్‌టాప్‌లోవి డిలీట్ చేశానండీ. ఇప్పుడు ఆ డిస్క్ ఓపెన్ అవట్లేదు."

అపోహ: ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెడితే బ్యాకప్ అయినట్టే.

వాస్తవం: పాటలు ఇల్లు మారాయి, అంతే. కాపీ అప్పుడూ ఒక్కటే, ఇప్పుడూ ఒక్కటే. పైగా బ్యాగుల్లో తిరిగే డిస్క్‌కే దెబ్బలెక్కువ.

మొన్నామధ్య గుంటూరు వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. శ్రీరామనవమి పందిళ్లలో తానే రికార్డు చేసుకున్న హరికథలు, నాటక పద్యాలు. ఓపిగ్గా ఒక్కో క్యాసెట్టూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, బూజు పట్టాయని క్యాసెట్లు పారేశారు. డిస్క్ బల్ల మీంచి పడింది. టిక్ టిక్ మంటుంటే వాళ్లబ్బాయి ఏదో వీడియో చూసి ఫ్రీజర్‌లో పెట్టాడట. ఆ తర్వాత మళ్లీ మళ్లీ కరెంటిచ్చి చూశారు. నేను మూత తీసేసరికి ప్లాటర్ (డిస్క్ లోపల తిరిగే పళ్లెం) మీద గుండ్రంగా గీత, లోపలి ఫిల్టరంతా నల్లటి పొడి. డేటా చదివే హెడ్ దెబ్బతిని, పళ్లెం తిరిగిన ప్రతిసారీ దాని మీది పూతను గీకేసింది. పాటలు ఉండేది ఆ పూతలోనే.

"ఇంకెక్కడైనా చూపిస్తే వస్తాయా బాబూ?" అన్నారు.

"పొడైపోయింది ఎవరూ చదవలేరు మాస్టారూ" అని చెప్పి టీ తెప్పించాను. ఇంకేం చేయగలను?

సినిమా పాటలు పోతే మళ్లీ ఎక్కడో దొరుకుతాయి. మీ క్యాసెట్ నుంచి మీరు ఎక్కించుకున్నవి ఇంకెక్కడా ఉండవు, బ్యాకప్ వాటితో మొదలుపెట్టండి. ఖర్చు గురించి భయపడక్కర్లేదు. సీడీ క్వాలిటీలో గంట వేవ్ ఫైల్ (కుదించని ఆడియో) సుమారు 635 ఎంబీ, క్వాలిటీ తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మారిస్తే చాలాసార్లు సగానికి దగ్గరగా వస్తుంది. వెయ్యి గంటలున్నా 2 టీబీ డిస్క్‌లో హాయిగా పడతాయి. అలాంటివి రెండు కొని, ఒకటి అక్కయ్య గారింట్లోనో తమ్ముడింట్లోనో ఉంచండి. పండక్కి వెళ్లినప్పుడల్లా తెచ్చుకుని కొత్తవి ఎక్కించండి.

అపోహ: నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టెలో) రెండు డిస్కులు మిర్రర్‌లో, అంటే ఒకదానికొకటి నకలుగా ఉన్నాయి, నాకు ఢోకా లేదు.

వాస్తవం: ఒక డిస్క్ పోయినా పని ఆగకుండా నడవడానికే ఈ మిర్రర్ పద్ధతి (దీన్నే రెయిడ్ 1 అంటారు). పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ అదే క్షణంలో పోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే రెండూ లాక్. పిడుగు పడితే రెండూ ఉన్నది ఒకే అడాప్టర్ మీద. క్లౌడ్ సింక్ (ఫోల్డర్‌లో ఏ మార్పు చేసినా ఆన్‌లైన్ కాపీలోనూ జరిగిపోయే ఏర్పాటు) కూడా దాదాపు ఇంతే, డిలీట్ చేసినవి ఉండే ట్రాష్ గడువు దాటితే అంతే సంగతులు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఎంపీ3ని ఫ్లాక్ చేస్తే క్వాలిటీ పెరగదు, సైజు పెరుగుతుంది. కాపీ చేసేకొద్దీ సౌండ్ తగ్గుతుందనేది క్యాసెట్ల కాలం నాటి మాట. ఎస్ఎస్‌డీని (పళ్లెం బదులు చిప్‌లలో డేటా దాచే డిస్క్) బీరువాలో ఏళ్ల తరబడి వదిలేయకండి, కరెంటు తగలకపోతే అందులో డేటాను నిలిపే ఛార్జ్ మెల్లగా జారిపోతుంది. 2005లో ఇంట్లో రాసుకున్న సీడీలుంటే ఈ ఆదివారమే కాపీ చేసుకోండి. అందులోని రంగు పొర ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం. ఫ్లాక్ వాడేవాళ్లకు ఒక సుఖముంది: ఫైల్‌లోనే చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో పోల్చి చూసే అంకె) ఉంటుంది కాబట్టి, ఫ్లాక్ టూల్‌లోని టెస్ట్ ఆప్షన్‌తో ఏది పాడైందో వినకుండానే తెలుస్తుంది.

డిస్క్ టిక్కుమంటే టెన్షన్ పడటం సహజమే. ఆ టెన్షన్‌లో ఫ్రీజర్, చేత్తో తట్టడం, చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే ప్రోగ్రామ్) నడపడం మాత్రం వద్దు. వెంటనే కేబుల్ తీసేయండి. పదిసార్లు పెట్టి చూసిన డిస్క్ కన్నా, వెంటనే ఆపేసిన డిస్క్‌లో మాకు దొరికేది చాలా ఎక్కువ. తెచ్చేటప్పుడు బబుల్ ర్యాప్‌లో చుట్టి తెండి. స్టీలు టిఫిన్ డబ్బాలో గలగలలాడించుకుంటూ తెచ్చినవాళ్లూ ఉన్నారు.