రెండూ రైజన్ 5 అయితే రెండూ ఒకటేనా? లాప్‌టాప్ అపోహలు - వాస్తవాలు

ఇంజినీరింగ్ సీటు ఖాయమైన ఇంట్లో తర్వాతి ఖర్చు లాప్‌టాప్. నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా ఆ రోజుల్లో అంగట్లో వినపడే ప్రశ్న ఒకటే: “రెండింటి మీదా రైజన్ 5 అనే ఉంది. ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ, అవీ ఒకటే. ఇంక దీనికి ఐదు వేలు ఎందుకన్నా ఎక్కువ?” వడ్లు అమ్మిన డబ్బో, బంగారం కుదవబెట్టి తెచ్చిన డబ్బో చేతిలో ఉన్నప్పుడు ఐదు వేలకి లెక్క అడగాల్సిందే. ఆ లెక్క స్టిక్కర్ మీద దొరకదు, ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబర్లో ఉంటుంది. రైజన్ అంటే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్, అంటే లాప్‌టాప్‌కి మెదడు లాంటి చిప్పు.

అపోహ: స్టిక్కర్ మీద పేరు ఒకటైతే ప్రాసెసర్ ఒకటే.

వాస్తవం: ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. రైజన్ 5 7520యు, రైజన్ 5 7530యు తీసుకోండి. ప్రకటనలో రెండూ “రైజన్ 5, 7000 సిరీస్”. 7520యులో 4 కోర్లు (పని చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 4 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్పులోనే ఉండే వేగమైన మెమరీ). 7530యులో 6 కోర్లు, 12 థ్రెడ్లు, 16 ఎంబీ క్యాష్. జెన్ అంటే ఏఎండీ చిప్పుల లోపలి డిజైన్ పేరు, పక్కనున్న అంకె దాని తరం. మొదటిది జెన్ 2 డిజైన్, అది డెస్క్‌టాప్‌లలోకి 2019లోనే వచ్చింది. రెండోది జెన్ 3, 2020 నాటిది. 7520యు చిప్పు విడుదలైంది 2022లో కాబట్టి “కొత్త మోడల్” అనే మాట అబద్ధం కాదు, లోపలి డిజైన్ మాత్రం పాతది.

7000 సిరీస్ రైజన్ లాప్‌టాప్ చిప్పుల్లో మూడో అంకె చూడండి. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. చివర 5 ఉంటే (7535యు లాగా) అదే తరంలో కాస్త మెరుగుపరిచింది. మొదట్లో ఉన్న 7ని చూసి మురిసిపోవద్దు, అది సిరీస్ ఏ ఏడాదిదో చెప్తుందే గానీ లోపలి తరాన్ని చెప్పదు.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. 7520యు ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్‌తోనే పనిచేస్తుంది, అది బోర్డుకే అతికించి వస్తుంది. “ఇప్పటికి 8 జీబీ తీసుకుందాం, రెండో ఏడాది ఇంకో 8 వేయిద్దాం” అనుకుని కొన్నవాళ్లకి ఆ రెండో ఏడాది ర్యామ్ పెట్టే స్లాటే ఉండదు. సీఎస్‌ఈ పిల్లలు యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెరమీద నడిచే ఫోన్ నమూనా) తెరిచి, పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు పెడితే 8 జీబీ నిండిపోతుంది. ఆపైన విండోస్ ర్యామ్ కన్నా నెమ్మదైన ఎస్‌ఎస్‌డీని ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది, ప్రతి క్లిక్కూ ఆగి ఆగి కదులుతుంది. మళ్లీ డబ్బు అడగలేక ఆ పిల్లలు నాలుగేళ్లూ దాంతోనే నెట్టుకొస్తారు. అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

అట్టాగని 7520యు పనికిరానిది కాదు. ఆన్‌లైన్ క్లాసులు, వర్డ్, ఎక్సెల్, బ్రౌజింగ్ వరకూ హాయిగా నడుస్తుంది. దాన్ని 7530యు ధరకి దగ్గర్లో కొనడమే తప్పు.

అపోహ: ఇంటెల్ కంపెనీ చిప్పుల్లో ఐ7 ఎప్పుడూ ఐ5 కన్నా మేలు.

వాస్తవం: చివరి అక్షరం చూడకుండా ఆ మాట అనకూడదు. ఐ7-1255యులో 2 పెర్ఫార్మెన్స్ కోర్లు (వేగానికి), 8 ఎఫిషియెన్సీ కోర్లు (కరెంటు ఆదాకి), బేస్ పవర్ (మామూలుగా వాడే కరెంటు) 15 వాట్లు. ఐ5-12500హెచ్‌లో అవే కోర్లు 4, 8, బేస్ పవర్ 45 వాట్లు. వీడియో ఎడిటింగ్, పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేయడం (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) లాంటి ఎడతెగని పనిలో ఆ ఐ5దే పైచేయి. కానీ చివర హెచ్ ఉన్న చిప్పు బ్యాటరీ తాగేస్తుంది, బరువూ వేడీ ఎక్కువ. రోజూ కావలి నుంచి నెల్లూరుకి బస్సులో మోసుకెళ్లే అబ్బాయికి, క్లాసులో ప్లగ్ దొరకని అమ్మాయికి చివర యు ఉన్న రకమే నయం. ఇంకోటి: “కోర్ 5 120యు” 2024లో వచ్చిన పేరు, కానీ 13వ తరం ఐ5 డిజైన్‌నే కొనసాగించింది. “కోర్ అల్ట్రా 5” దానికి పూర్తిగా వేరు. మధ్యలో “అల్ట్రా” ఉందా లేదా చదవండి.

అపోహ: ప్రాసెసర్ ఒకటే అయితే వేగమూ ఒకటే.

వాస్తవం: అదే చిప్పుని సన్నటి బాడీలో పెడితే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. చాలా కంపెనీలు మాన్యువల్లో రాసే గది ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది. అడుగున గాలి రంధ్రాలు ఎన్ని, వేడి గాలి ఎటు పోతుంది, ఫ్యాన్లు ఒకటా రెండా అన్నవి చూసుకోండి. మంచం మీద పరుపుకి ఆనించి వాడితే ఎంత మంచిదైనా ఉక్కిరిబిక్కిరవుతుంది.

మిగతావి గబగబా. 512 జీబీ కొంటే విండోస్ 476 అని చూపిస్తుంది, అది మోసం కాదు, కొలిచే పద్ధతి వేరు. ఫుల్ హెచ్‌డీ అన్నంత మాత్రాన రంగులు బాగుండవు. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెరకీ 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెరకీ తేడా పక్కపక్కన పెడితే కంటికే తెలుస్తుంది. బ్యాటరీని “పది గంటలు” అనే మాటతో పోల్చవద్దు, వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు) అడగండి. ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ చిప్పు ఒక లాప్‌టాప్‌లో 35 వాట్లతో, ఇంకోదాంట్లో 115 వాట్లతో కూడా రావచ్చు, ఆ అంకె తెలియకుండా గేమింగ్ లాప్‌టాప్ కొనవద్దు.

అంగట్లో డిస్‌ప్లే పీస్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్తే సీపీయూ దగ్గర ప్రాసెసర్ పూర్తి నంబర్ కనపడుతుంది. మెమరీ నొక్కితే స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయన్నది వస్తుంది. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర “సోడిమ్” అంటే మార్చుకోగలిగిన ర్యామ్, “రో ఆఫ్ చిప్స్” అంటే బోర్డుకి అతికించింది. కొన్నిట్లో సగం అతికించి, సగానికి స్లాట్ ఇస్తారు, అమ్మేవాళ్లని అది కూడా అడగండి.

బిల్లు మీద ఉత్త “లాప్‌టాప్” అని రాస్తే ఒప్పుకోవద్దు. పూర్తి మోడల్ కోడ్, సీరియల్ నంబర్ రెండూ రాయించండి. పెట్టె మీది సీరియల్ నంబర్, లాప్‌టాప్ అడుగున ఉన్నది ఒకటే అయ్యుండాలి. ఆ రోజే కంపెనీ సైట్‌లో ఆ నంబర్ వేసి వారంటీ ఏ తేదీన మొదలైందో చూడండి. బిల్లు తేదీకన్నా ముందే మొదలైనట్టు చూపిస్తే, బిల్లు ఫొటో పంపి కంపెనీ సర్వీస్ వాళ్లని తేదీ సరిచేయమని వెంటనే అడగండి.