పాత బండి ఇంజిన్ కవర్లకు మళ్లీ మెరుపు: అపోహలు - వాస్తవాలు

పాత బుల్లెట్, జావా, యెజ్డీ బాగు చేయించుకునేవాళ్లు ట్యాంకు రంగు గురించి గంటసేపు మాట్లాడతారు, ఇంజిన్ కవర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "బఫింగ్‌కి ఇచ్చెయ్ అన్నా, మెరిస్తే చాలు" అనేస్తారు. ఆ ఒక్క మాటతో ఎన్ని మంచి కవర్లు పాడైపోతున్నాయో చూస్తే బాధేస్తుంది. బఫింగ్ అంటే గిర్రున తిరిగే చక్రానికి ఆనించి మెరుపు తేవడం, అందులో అరిగేది మురికి కాదు, కవరే. తీసేసిన అల్యూమినియం మళ్లీ రాదు, పాత యెజ్డీ లాంటి, తయారీ ఆగిపోయిన మోడళ్లకు ఒరిజినల్ కవర్ దొరకడమూ తేలిక కాదు. అందుకే పనివాళ్లు, ఓనర్లు ఇద్దరూ తరచూ చెప్పే కొన్ని మాటల గురించి ఇది రాస్తున్నా.

అపోహ: బఫింగ్ వీల్ మీద పెడితే గీతలన్నీ పోతాయి.

వాస్తవం: పోవు. వీల్ చేసేది మెరుపు తేవడం. గీత తీసేది వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ అది నున్నన. గేరు, కిక్ రెండూ కుడివైపే ఉండే పాత బుల్లెట్‌లో బూటు రాసుకుని గేర్‌బాక్స్ కవర్ అరుగుతుంది, జావా, యెజ్డీల్లో గేరుకీ కిక్కుకీ ఒకే లివర్ కాబట్టి ఎడమవైపు కవర్‌కి అదే గతి. అలాంటి లోతైన గీతలకు 240 వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 320, 400, 600, 800, 1000 దాకా వెళ్లాలి. ప్రతి నంబర్‌కీ రుద్దే దిశ మార్చండి, ముందు నంబర్ గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. సబ్బునీళ్లు వాడుతూ ఉండాలి, అల్యూమినియం మెత్తటిది కాబట్టి పొడి పేపర్ ఇట్టే పూడుకుపోయి కొత్త గీతలు పెడుతుంది. ఇదంతా అయ్యాకే వీల్: ముందు గట్టి సైజల్ (నార) వీల్ మీద బ్రౌన్ కాంపౌండ్ (వీల్‌కి పూసే పాలిష్ ముద్ద), తర్వాత మెత్తటి గుడ్డ వీల్ మీద తెల్లది. ఒక కాంపౌండ్ పూసిన వీల్‌కి ఇంకోటి పూయకూడదు.

పేపర్ పని మానేసి వీల్ మీదే గీత తీయాలని గట్టిగా నొక్కితే ఏమవుతుందంటే, అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ఉబ్బెత్తు అక్షరాలు చదునైపోతాయి, స్క్రూ రంధ్రం పక్కన ఒకవైపు గుంట పడుతుంది, దూరం నుంచి తళతళలాడే ఆ కవర్‌ని దగ్గర్నుంచి చూస్తే అలలు అలలుగా కనిపిస్తుంది. పని అయిపోయిందని చెప్పి కవర్ చేతిలో పెడితే వెంటనే ఒప్పుకోకండి. థిన్నర్ గుడ్డతో తుడిచి ఎండలో తిప్పి చూడండి, కాంపౌండ్ జిడ్డు కింద దాక్కున్న గీతలు అప్పుడు బయటపడతాయి.

ఇంట్లో చేసుకునేవాళ్లకు ఒక మాట. వీల్ తిరుగుతున్నప్పుడు లుంగీ, కండువా, గుడ్డ గ్లవ్స్ వద్దు. మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుము గ్రైండ్ చేసిన చోటే అల్యూమినియం బఫ్ చేయకండి, సన్నటి అల్యూమినియం పొడి మీద ఇనుము నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

అపోహ: గుడ్డకి నలుపు వస్తోందంటే ఇంకా మురికి ఉన్నట్టే.

వాస్తవం: బ్రాసో లాంటి మెటల్ పాలిష్ పెట్టి రుద్దితే వచ్చే ఆ నలుపు అల్యూమినియమే. రోజంతా రుద్దినా వస్తూనే ఉంటుంది, అది ఆగేదాకా రుద్దాలని చూడకండి. అసలు నలుపే రాలేదనుకోండి, కవర్ మీద లాకరో క్లియర్ కోటో, అంటే వార్నిష్ లాంటి పారదర్శక పూత, ఉందని అర్థం. పని మొదలుపెట్టే ముందు ఏ మూలో ఈ పరీక్ష చేయండి. లాకర్ ఉంటే పెయింట్ రిమూవర్‌తో ముందు దాన్ని తీసేయాలి. పసుపెక్కిన లాకర్ మీద ఎంత పాలిష్ రుద్దినా దండగే.

అపోహ: చింతపండు, బాత్‌రూం యాసిడ్, కాస్టిక్ సోడా, ఏదో ఒకటి పనిచేస్తుంది.

వాస్తవం: చింతపండు ఇత్తడికి బాగుంటుంది, అల్యూమినియం మీద గీతల్ని, గుంటల్ని అది ఏమీ చేయలేదు. బాత్‌రూం యాసిడ్ అయితే లోహాన్ని తినేసి పాలిపోయిన బూడిదరంగు మిగులుస్తుంది. కాస్టిక్ సోడా అన్నిటికంటే ప్రమాదం: అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది, పోత అల్యూమినియంలో ఉండే సిలికాన్, రాగి లాంటివి కరగకుండా పైన నల్లటి పొరగా మిగిలిపోతాయి. జిడ్డు వదలాలంటే కిరోసిన్, బ్రష్, ఆ తర్వాత గిన్నెల సబ్బు చాలు.

అపోహ: శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే పది నిమిషాల్లో కొత్తదవుతుంది.

వాస్తవం: గాలి ఒత్తిడితో కొట్టే ఆ గరుకు ఇసుక మెత్తటి అల్యూమినియం మీద గుంటలు కొడుతుంది, ఆ ధూళి పీల్చేవాళ్ల ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. గాజు పూసల బ్లాస్టింగ్ కొంత నయం. కానీ నా అసలు భయం వేరే. పాత బుల్లెట్ టైమింగ్ కవర్‌ని చాలామంది మూత అనుకుంటారు. ఆయిల్ పంపులు ఉండేది అందులో, ఫిల్టర్ కూర్చునేది అందులో, బిగ్ ఎండ్‌కి (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కి కలిసే చోటికి) ఆయిల్ వెళ్లే దారి తొలిచి ఉండేదీ అందులోనే. ఆ దారిలో నాలుగు ఇసుక రేణువులో కాస్త బఫింగ్ కాంపౌండో ఇరుక్కుపోతే నేరుగా క్రాంక్ బేరింగ్‌లోకి వెళ్తాయి, కవర్ మెరుస్తూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం విప్పాల్సి వస్తుంది. అందుకని పంపులు విప్పి, రంధ్రాలన్నీ మూసి, పని అయ్యాక వేడి సబ్బునీళ్లతో కడిగి, ప్రతి దారిలోనూ గాలి కొట్టి, అటువైపు నుంచి గాలి వస్తోందో లేదో చూసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ దారికి ఉండే కార్క్ సీల్ కొత్తది వేయండి. కవర్ లోపలివైపు, ప్యాకింగ్ కూర్చునే అంచు మీద బఫింగ్ అసలు తగలకూడదు. తగిలి అంచు గుండ్రమైతే ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ కారుతుంది.

అపోహ: క్రోమ్ వేయిస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: అల్యూమినియం మీద క్రోమ్ నిలవాలంటే ముందు జింకేట్ ట్రీట్‌మెంట్ (పల్చటి జింక్ పొర పట్టించడం), తర్వాత రాగి, నికెల్, ఆపైన క్రోమ్. ఇందులో ఏది సరిగ్గా చేయకపోయినా పొరలు పొరలుగా ఊడుతుంది, ఆ అంచులు కాలికి కోసుకుంటాయి కూడా. పాత బుల్లెట్ కవర్ల మీద మీరు చూసి ముచ్చటపడే మెరుపు క్రోమ్ కాదు, పాలిష్ చేసిన అల్యూమినియం.

అపోహ: పాలిష్ అయ్యాక క్లియర్ కోట్ కొడితే మెరుపు శాశ్వతం.

వాస్తవం: అద్దంలా నున్నగా ఉన్న లోహానికి మామూలు స్ప్రే క్లియర్ పట్టుకోదు. ఒక రాయి తగిలి చిన్న పెచ్చు లేచిందా, అక్కడినుంచి తేమ లోపలికి పాకి తెల్లటి దారాల్లా తుప్పు వ్యాపిస్తుంది, దాన్ని తుడవడానికి కూడా ఉండదు. నేనైతే కోటింగ్ వద్దంటాను. మంచి మైనం పాలిష్ పూసి, మెరుపు తగ్గినప్పుడు మళ్లీ రుద్దుకోవడమే మేలు. హైదరాబాద్‌లో బండి తిప్పేవాళ్లకు దీనితో పెద్ద శ్రమ ఉండదు, విశాఖ, కాకినాడ ఉప్పుగాలిలో ఉండేవాళ్లు మాత్రం తరచుగా పూసుకోవాలి.

అపోహ: పెయింట్ వేయడమంటే పని ఎగ్గొట్టడం.

వాస్తవం: ఎనభైల్లో జపాన్ సాంకేతికతతో వచ్చిన 100 సీసీ బళ్లలో చాలావాటి కవర్లు ఫ్యాక్టరీలోనే పెయింట్ చేసినవి. వాటిని అద్దంలా మెరిపిస్తే అది రిస్టోరేషన్ అవ్వదు. ఉప్పు తినేసి లోతుగా గుంటలు పడ్డ కవర్‌కి కూడా పెయింటే మర్యాద, గుంట అడుగు దాకా అరగదీస్తే కవర్ పల్చబడిపోతుంది. కాకపోతే అల్యూమినియానికి ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ప్రైమర్) గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ లేకుండా రంగు నిలవదు. పొడి రంగు చల్లి కాల్చే పౌడర్ కోటింగ్ ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి ఆయిల్ సీళ్లు, రబ్బర్లు ముందే తీసేయాలి. ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చుకున్న కవర్‌ని ఒకసారి ఖాళీగా వేడి చేయమని కూడా అడగండి, లేకపోతే లోపలి ఆయిల్, గాలి బయటికి వచ్చి పౌడర్ మీద బుడగలు లేస్తాయి.

అపోహ: చివర్లో స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులు వేస్తే లుక్కూ బాగుంటుంది, బలమూ ఎక్కువ.

వాస్తవం: స్టెయిన్‌లెస్, అల్యూమినియం కలిసిన చోట తడి చేరితే అల్యూమినియమే తినుకుపోతుంది, కొన్నేళ్లకు బోల్టు కరుచుకుపోయి, విప్పబోతే మర ఊడి వస్తుంది. బోల్టు మరకి యాంటీ సీజ్ (కరుచుకుపోకుండా పూసే గ్రీజు లాంటిది) పూయండి. పొడవాటి అలెన్ కీతో బలమంతా పెట్టి బిగించకండి, 6 ఎంఎం బోల్టుకి 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు (టార్క్) సరిపోతుంది. ఎదురెదురు బోల్టులు మారుస్తూ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి, ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక ప్యాకింగ్ అంచు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి ఆయిల్ చెమ్మ ఉందేమో చూడండి.