రౌతు ఉన్నాడు, గుర్రం ఉంది... వెనుక నిలబడేదెవరు?

హన్మకొండలో పెళ్లి బరాత్ చూసినవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. బ్యాండు మోతకు తెల్ల గుర్రం ఉన్నచోటే కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తుంటుంది. పక్కనున్న మనిషి లగాం బిగించి పట్టుకుంటాడు. గుర్రం నోటి అంచున నురగ. డ్రెసాజ్ అంటే రౌతు సైగలకు గుర్రం ఎంత చక్కగా, లయగా కదులుతుందో చూసి మార్కులు వేసే స్వారీ పోటీ. అందులో చూడ్డానికి ఇలాంటి కదలికే ఒకటుంది, పేరు పియాఫ్. అక్కడ మాత్రం రౌతు చెయ్యి కదిలినట్టే కనిపించదు. గుర్రం వెనక కాళ్ల మీదికి బరువు తీసుకుని, బెదరకుండా, లయ తప్పకుండా అడుగులు వెయ్యాలి. అది నేర్పడానికి ఏళ్లు పడుతుంది. జాతీయ స్థాయి హై పెర్ఫార్మెన్స్ కార్యక్రమం, అంటే పెద్ద పోటీలకు రౌతుల్నీ గుర్రాల్నీ తయారుచేసే ఏర్పాటు, అవసరమయ్యేది ఆ ఏళ్ల కోసమే.

1912లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన డ్రెసాజ్ 1948 దాకా సైనిక అధికారులదే. మహిళలకు, సాధారణ పౌరులకు 1952లోగానీ తలుపు తెరుచుకోలేదు. మన దేశంలోనూ చాలాకాలం స్వారీ అంటే సైన్యమే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఈక్వెస్ట్రియన్ (గుర్రపు స్వారీ) పోటీల్లో మూడు స్వర్ణాలు వచ్చాయి. 1986 సియోల్‌లో డ్రెసాజ్ జట్టుకు కాంస్యం దక్కింది. ఆ తర్వాత డ్రెసాజ్‌లో పతకం కోసం 37 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

2023లో హాంగ్‌ఝౌలో అనూష్ అగర్వాలా, హృదయ్ ఛెడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా జట్టు స్వర్ణం తెచ్చింది. నలుగురూ ఐరోపాలో ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లే. ఖర్చులో ఎక్కువ భాగం మోసింది వాళ్ల కుటుంబాలే. గుర్రాలూ అక్కడివే, ఎందుకంటే జబ్బుల భయంతో మన గుర్రాలను చాలా దేశాలు సులువుగా రానివ్వవు. మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రానికి అశ్వవ్యాధి రహిత ప్రాంతంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది 2025లోనే. అనూష్ 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లి, డ్రెసాజ్‌లో ఆ మెట్టెక్కిన తొలి భారతీయుడయ్యాడు. నాకు ఆ కుర్రాడంటే ఎంతో గౌరవం. కానీ ఇంట్లో స్తోమత ఉంటేనే దొరికే దారిని దేశం దారి అనలేం కదా.

బ్రిటన్‌ను చూడండి. 2012కు ముందు ఒలింపిక్ డ్రెసాజ్‌లో ఒక్క పతకమూ లేదు. 1997 నుంచి లాటరీ నిధులు క్రీడలకు అందాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత స్వర్ణం రెండూ గెలిచారు. మన దగ్గర హై పెర్ఫార్మెన్స్ కార్యక్రమం పెడితే, దాన్ని నడిపే మనిషి పని స్వారీ నేర్పడంతో అయిపోదు. ఏ గుర్రానికి ఏ రౌతు సరిపోతాడో చూడాలి. డాక్టరు, లాడాలు కొట్టేవాడు, కోచ్ ఒక్క మాట మీద ఉండేలా చూసుకోవాలి. ఎంపిక నియమాలు ముందే రాసిపెట్టాలి, లేకపోతే ప్రతి సెలక్షన్‌కూ గొడవే.

1310లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తాను సేనకు లొంగినప్పుడు ప్రతాపరుద్రుడు 7,000 గుర్రాలు ఇచ్చుకున్నాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఇవాళ ఇదే ఊళ్లో స్వారీ నేర్చుకోవాలనుకునే పిల్ల ముందుగా చూసేది హైదరాబాద్ వైపు. ఆ పైన ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లు కావాలి.

డ్రెసాజ్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన గ్రాండ్ ప్రి స్థాయిలో దిగే గుర్రానికి కనీసం 8 ఏళ్లుండాలి. అంటే 2032 బ్రిస్బేన్ ఒలింపిక్స్‌లో ఆడే గుర్రం ఇప్పటికే పుట్టేసింది. దాన్ని వెతికి పట్టుకునే పని ఎవరిదో ఇంకా ఆలస్యం చేయకుండా తేల్చాలి.