64 బిట్ ఎక్సెల్‌లో పాత మాక్రోలు: అపోహలు - వాస్తవాలు

ఎక్సెల్ లాంటి ఆఫీసు ప్రోగ్రాములలో పనులను వాటంతటవే జరిగేలా చేసే పాత వీబీఏ మాక్రోలను 64 బిట్ ఆఫీసుకు మార్చే పని నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ దాదాపు ఒకే కోడు కనబడుతోంది. విండోస్ ఫంక్షన్లను పిలవడానికి రాసే డిక్లేర్ లైన్లన్నిటిలోనూ పీటీఆర్‌సేఫ్ అనే మాట చేర్చి ఉంటుంది, ఆ లైన్లలోని టైపులు (ఏ విలువకు ఎంత చోటు కావాలో చెప్పే మాటలు) మాత్రం మొదట రాసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.

అపోహ: పీటీఆర్‌సేఫ్ చేరిస్తే మాక్రో 64 బిట్‌కు సిద్ధమైనట్టే.

వాస్తవం: ఆ మాట ఏ టైపునూ మార్చదు. ఈ డిక్లరేషన్‌ను నేను సరిచూశానని ప్రోగ్రామరు కంపైలర్‌కు ఇచ్చే హామీ అది. హామీ నిజమో కాదో కంపైలర్ తనిఖీ చేయదు, ఎర్రర్ చూపడం మానేస్తుంది, అంతే. వీబీఏలో లాంగ్ అనే పూర్ణాంక టైపు ఎప్పుడూ 4 బైట్లే. 64 బిట్ ప్రాసెస్‌లో మెమరీ అడ్రసుకు 8 బైట్లు కావాలి. అందుకే ఆఫీస్ 2010తో వచ్చిన వీబీఏ 7లో లాంగ్‌పీటీఆర్ అనే టైపును ప్రవేశపెట్టారు. అది 32 బిట్‌లో 4 బైట్లు, 64 బిట్‌లో 8 బైట్లు తీసుకుంటుంది.

ఒక అకౌంటెంట్ గారికి ఆఫీసులో కొత్త కంప్యూటరు ఇచ్చారు. బిల్లు వివరాలను క్లిప్‌బోర్డుకు కాపీ చేసే బటన్ నొక్కగానే ఎక్సెల్ ఏ సందేశమూ ఇవ్వకుండా మూసుకుపోయేది. ఫైలు పాడైందనీ, తప్పు తనదేననీ భయపడి, సేవ్ కాని పనిని ఆమె రెండుసార్లు మొదటినుంచి టైపు చేశారు. కోడు తెరిచి చూస్తే, గ్లోబల్‌లాక్ అనే విండోస్ ఫంక్షన్ ఇచ్చిన మెమరీ అడ్రసులోకి, స్ట్రింగును కాపీ చేసే ఎల్‌ఎస్‌టీఆర్‌కాపీతో అక్షరాలు రాస్తున్నారు. ఆ గ్లోబల్‌లాక్ డిక్లరేషన్ చివర ‘యాజ్ లాంగ్’ అని, అంటే తిరిగొచ్చే విలువ లాంగ్ అని ఉంది. విండోస్ ఇచ్చిన అడ్రసు హెక్స్‌లో 00000184 52307010 అనుకుంటే, లాంగ్‌లో మిగిలేది 52307010 మాత్రమే. అక్షరాలు వెళ్లి పడేది మనది కాని చోట. ఆమె తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

అపోహ: అయితే లాంగ్ అన్న ప్రతిచోటా లాంగ్‌పీటీఆర్ అని మార్చేద్దాం.

వాస్తవం: ఇది మొదటి దానికి తిరగేసిన తప్పు. అడ్రసులు, హ్యాండిళ్లు (విండో లాంటివాటికి విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), అడ్రసంత వెడల్పుండే సైజులు మాత్రమే మారాలి. గ్లోబల్‌అలాక్‌లో (మెమరీ కేటాయించే ఫంక్షన్) మొదటి ఆర్గ్యుమెంట్ ఫ్లాగులు, అంటే ఎంపికలు తెలిపే సంఖ్య కాబట్టి లాంగ్‌గానే ఉండాలి, రెండోది సైజు కాబట్టి లాంగ్‌పీటీఆర్ కావాలి. అనేక ఫీల్డులను ఒకచోట కలిపి ఉంచే స్ట్రక్చర్లలో ఈ తేడా మరింత ప్రమాదకరం. ఫైలు ఎంచుకునే డైలాగుకు ఇచ్చే ఓపెన్‌ఫైల్‌నేమ్ స్ట్రక్చర్, మాక్రోలలో సాధారణంగా వాడే రూపంలో, 32 బిట్‌లో 76 బైట్లు, 64 బిట్‌లో 136 బైట్లు. ఒక్క ఫీల్డు టైపు తప్పినా తర్వాతి ఫీల్డులు పక్కకు జరుగుతాయి, చెప్పిన సైజు కుదరకపోతే డైలాగు అసలు తెరుచుకోదు. సైజును లెన్‌తో కాక లెన్‌బీతో లెక్కించాలి, ఎందుకంటే ఫీల్డుల మధ్య వదిలే ఖాళీ బైట్లను లెన్ లెక్కలోకి తీసుకోదు.

అపోహ: విండో హ్యాండిల్‌ను లాంగ్‌లో పెట్టినా మాకు పనిచేస్తోంది.

వాస్తవం: 32, 64 బిట్ ప్రోగ్రాములు పంచుకోగలిగేలా ఆ హ్యాండిళ్లలో 32 బిట్లకే విలువ ఉండేలా విండోస్‌ను రూపొందించారు. అడ్రసులకు ఆ వెసులుబాటు లేదు.

64 బిట్ ఆఫీసే లోపభూయిష్టమనీ, 32 బిట్‌కు వెనక్కి వెళ్లడమే మార్గమనీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాను దయచేసి పట్టించుకోకండి. ఆఫీస్ 2019 నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యేది 64 బిట్టే.

అకౌంటెంట్ గారి మాక్రోలో ఇంకొక చిక్కు బయటపడింది. టైపులు సరిచేశాక ఎక్సెల్ నిలబడింది కానీ, తెలుగులో ఉన్న ఖాతాదారుల పేర్లు ప్రశ్నార్థకాలుగా పేస్ట్ అయ్యాయి. డిక్లేర్ ద్వారా పంపే స్ట్రింగును వీబీఏ ఆన్సీ అనే పాత అక్షర సంకేత పద్ధతిలోకి మారుస్తుంది, తెలుగుకు విండోస్‌లో ఆన్సీ కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) లేదు. పేరు చివర డబ్ల్యూ ఉన్న (యూనికోడ్) ఫంక్షన్‌కు స్ట్రింగు అడ్రసును స్ట్ర్‌పీటీఆర్‌తో అందించి, క్లిప్‌బోర్డు ఫార్మాట్‌ను 1 (ఆన్సీ టెక్స్ట్) నుంచి 13 (యూనికోడ్ టెక్స్ట్)కు మార్చి, మెమరీని లెన్‌బీ విలువకు 2 కలిపి కేటాయించాను. ‘తెలుగు’ అనే మాటకైతే 12 బైట్లు, ముగింపు సున్నాకు మరో 2.