సీనియర్ల చెస్‌లో డ్రా: అపోహలు - వాస్తవాలు

సీనియర్ల చెస్ టోర్నమెంట్లకు ఆర్బిటర్‌గా, అంటే ఆట నిబంధనలు చూసే అధికారిగా వెళ్తుంటాను. ఫలితాల పట్టిక చూసి "ఇన్ని డ్రాలా!" అని పెదవి విరిచేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. నాకు అది బాధగా అనిపిస్తుంది.

అపోహ: వయసు మీదపడి, ఓపిక లేక డ్రా చేసుకుంటారు.

వాస్తవం: 1984లో మొదలైన కార్పోవ్-కాస్పరోవ్ ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో 48 గేములకు 40 డ్రా. అప్పుడు కాస్పరోవ్‌కు 21 ఏళ్ళు. డ్రాకూ వయసుకూ ముడిపెట్టకండి. ఈమధ్య 65 దాటినవాళ్ళ విభాగంలో ఒక గేమ్ చూశాను. ఇద్దరూ అమెచ్యూర్లే. రూక్ ఎండింగ్, అంటే బోర్డు మీద రాజులు, రూక్‌లు (ఏనుగులు), బంట్లే మిగిలిన దశ; ఒకాయనకు ఒక బంటు తక్కువ. ఆయన తన రాజును ప్రత్యర్థి అదనపు బంటు దారికి అడ్డంగా నిలిపి, రూక్‌ను తన వైపు నుంచి మూడో వరుసలో కాపలా పెట్టారు. ఎదుటి రాజు ముందుకు రాలేడు. బంటు ఆ వరుసలోకి అడుగుపెట్టగానే రూక్ బోర్డు అవతలి చివరకు వెళ్ళి వెనకనుంచి చెక్‌లు మొదలుపెట్టింది. రాజు దాక్కోవడానికి చోటే లేదు. ఫ్రెంచ్ చెస్ ఆటగాడు ఫిలిడోర్ 1777లోనే వివరించిన పద్ధతి ఇది. గంటల తరబడి ఆడాక, ఆ టెన్షన్‌లో, తడబడకుండా దాన్ని గుర్తుతెచ్చుకుని ఆడారాయన. డ్రాతో వచ్చిన ఆ అర పాయింట్ ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు.

అపోహ: డ్రా ఎప్పుడైనా అడగొచ్చు.

వాస్తవం: ముందు మీ ఎత్తు వేయాలి, అప్పుడు అడగాలి, ఆ తర్వాతే గడియారం నొక్కాలి.

అపోహ: ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే ఆట దానంతటదే డ్రా అయిపోతుంది.

వాస్తవం: మూడోసారికి మీరే క్లెయిమ్ చేయాలి. అయిదోసారి వస్తే మాత్రం ఎవరూ అడగకపోయినా డ్రా. వరుసగా రానక్కర్లేదు కానీ, ప్రతిసారీ వంతు ఒకే ఆటగాడిది కావాలి. మీ ఎత్తుతో మూడోసారి రాబోతుంటే, దాన్ని బోర్డు మీద వేయకుండా స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితంలో) రాసి ఆర్బిటర్‌ను పిలవండి. పావును ముట్టుకుంటే ఆ ఎత్తుకు క్లెయిమ్ చేసే హక్కు పోయినట్టే. క్లెయిమ్ తప్పయితే ప్రత్యర్థి గడియారానికి 2 నిమిషాలు కలుపుతాం. అందుకు భయపడి ఊరుకోకండి.

ఒక పెద్దాయన ఎత్తు వేసి, గడియారం నొక్కేసి, "మూడోసారి వచ్చింది సార్" అని నన్ను పిలిచారు. స్కోర్‌షీట్ ప్రకారం ఆయన చెప్పింది నిజమే. కానీ వంతు అప్పటికే ప్రత్యర్థిది అయిపోయింది. కాదనక తప్పలేదు. ప్రత్యర్థి వేరే ఎత్తు వేశారు, కాసేపటికి ఈయన ఓడిపోయారు. "ముందే రాయాల్సింది" అంటూ స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టారు. అప్పటినుంచి ప్రతి టోర్నమెంట్‌లో మొదటి రౌండ్‌కు ముందు ఈ నిబంధనను అందరికీ చదివి వినిపిస్తున్నాను.